బంతి రాదని తెలిసీ పరిగెత్తేవాడు

1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో, జార్జ్ హోటల్లో కొన్ని రగ్బీ క్లబ్బుల పెద్దలు సమావేశమయ్యారు. వాళ్ళ జట్లలో ఆడేవాళ్ళు చాలామంది బొగ్గుగనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే కూలీలు. అప్పట్లో శనివారం కూడా ఒకపూట పని ఉండేది. ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. ఆటలో ఎముక విరిగితే వారాల తరబడి సంపాదన ఉండేది కాదు. పోయిన కూలి మేరకైనా క్లబ్బులను ఇవ్వనివ్వండని వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. రగ్బీని ఏలుతున్న పెద్దమనుషులు 1893లోనే ఆ మాటను తోసిపుచ్చారు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత చెడుతుందన్నారు. ఒకపూట కూలితో పనిలేని ఇళ్ళలో పుట్టినవాళ్ళు పవిత్రత గురించి మాట్లాడటం తేలిక. చివరికి 22 క్లబ్బులు విడిపోయాయి. పని మానుకుని వచ్చిన ఆటగాడికి రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అలా పుట్టిన ఆటనే ఇప్పుడు రగ్బీ లీగ్ అంటున్నారు.

ఈ పుట్టుక తెలిశాక, ఆ ఆట గురించి అందరూ అడిగే ఒక ప్రశ్న నాకు వేరేగా వినిపిస్తోంది. మంచి ఫార్వర్డ్, అంటే ముందుండి ఢీకొనే ఆటగాడు, ఎలా ఉండాలి? ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎంత దమ్ము ఉండాలి? ఇవన్నీ కొలవగలిగినవే. కానీ ఆ హోటల్లో కూర్చున్నవాళ్ళ ముందున్న ప్రశ్న ఇంకొకటి. ఒకడి ఒంటి కష్టం మీద పదిమంది ఆనందం నిలబడినప్పుడు, ఆ పదిమంది అతనికి ఎంత బాకీ పడతారు? మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉందని నాకనిపిస్తుంది.

మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో రగ్బీ లీగ్ ఆడేవాళ్ళు కనపడరు. రగ్బీ అనే మాట తెలుగు ఇళ్ళలో కాస్తన్నా వినపడింది 2025లో, రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు దిగినప్పుడు. అది ఏడుగురి రగ్బీ, వేరే శాఖ. కానీ మా పడమటి మండలాల్లో కబడ్డీ తెలియని ఊరు లేదు. ఒకడు దూసుకొస్తుంటే పదిమంది కలిసి పడగొట్టడం, ఒకడు అందరినీ దాటుకుని పోవడం, నేలమీద పడి లేవడం రెండు ఆటల్లోనూ ఉన్నాయి. అందుకే అక్కడి ఫార్వర్డ్‌ను అర్థం చేసుకోవడానికి మనకు పెద్ద చదువు అక్కర్లేదు.

ఆట తెలియనివారికి కొంత చెప్పాలి. రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. మొదట్లో 15 మంది ఉండేవాళ్ళు. 1906లో ఇద్దరు ఫార్వర్డ్‌లను తగ్గించారు. ఇప్పుడున్నవారిలో ఆరుగురు ఫార్వర్డ్‌లు: ఇద్దరు ప్రాప్‌లు, ఒక హుకర్, ఇద్దరు సెకండ్ రో ఆటగాళ్ళు, ఒక లూజ్ ఫార్వర్డ్. మిగతా ఏడుగురూ బ్యాక్‌లు. గీత దాటి బంతిని నేలకు ఆనించేది ఎక్కువగా బ్యాక్‌లే, మర్నాడు పత్రికలో బొమ్మ పడేదీ వాళ్ళదే. బంతి దొరికిన జట్టును ఆరుసార్లు పడగొట్టేలోపు ఆ జట్టు ఏం చేసుకున్నా చేసుకోవాలి. ఆ పడగొట్టడాన్నే ట్యాకిల్ అంటారు. ఆ ఆరింటిలో మొదటి రెండు మూడు సాధారణంగా ప్రాప్‌ల వంతు. తమ గీతకు దగ్గర్లో బంతి అందుకుని, వరస కట్టి ఎదురొస్తున్న ముగ్గురి మీదికి నేరుగా పోవాలి. తప్పించుకునే సందు ఉండదు. పడతాడు. ఎనిమిదో పదో మీటర్లు ముందుకు జరిగి పడితే ఆ వంతు అయినట్టే.

అసలు నేర్పు పడ్డాక కనిపిస్తుంది. వెల్లకిలా పడితే పైనున్న ముగ్గురూ అతన్ని ఇంకొన్ని క్షణాలు నొక్కి ఉంచుతారు. మోకాళ్ళూ మోచేతులూ నేలకు ఆనేలా బోర్లా పడితే చటుక్కున లేవగలడు. లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనకవాడికి దొర్లించాలి. ఆ లోపల ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ వరస కట్టుకోవాలి. పడ్డవాడు ఎంత త్వరగా లేస్తే వాళ్ళకు అంత తక్కువ వ్యవధి. ఆ అర సెకను తేడాలోనే తర్వాతివాడికి దారి పుడుతుంది. ఆ దారిలో పరిగెత్తి గీత దాటినవాడి పేరు చెప్పేవాళ్ళు వేలమంది ఉంటారు. నాలుగు ట్యాకిళ్ళకు ముందు బోర్లా పడినవాడిని గుర్తుంచుకునేది అతని జట్టువాళ్ళూ, అతని కోచ్.

బంతి ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఇదే మనిషి ట్యాకిళ్ళు చెయ్యాలి. గట్టి ఫార్వర్డ్ ఒక ఆటలో ముప్పై నలభై ట్యాకిళ్ళు చేస్తాడు. తొంభై, నూరు కిలోలున్న మనిషి పరుగున వచ్చి ఢీకొంటుంటే ఆపడం, నేలమీదినుంచి లేవడం, వెనక్కి వెళ్ళడం, మళ్ళీ ముందుకు రావడం. ఇది బలం పనిలా కనబడుతుంది. నాకు మాత్రం ఇది మనసు పని. ముప్పయ్యో ట్యాకిల్ తర్వాత లేవాలా వద్దా అన్నది కండరం తేల్చే విషయం కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే పరుగు ఒకటుంది. దాన్ని ఎర పరుగు అనవచ్చు. బంతి తనకు రాదని ఆ ఫార్వర్డ్‌కు ముందే తెలుసు. అయినా వస్తుందన్నట్టే, పూర్తి వేగంతో, చేతులు చాచి, రక్షకుల మీదికి దూసుకుపోతాడు. వాళ్ళలో ఇద్దరు నమ్మి అతని వైపు తిరుగుతారు. బంతి అతని వీపు వెనకగా ఇంకొకడికి వెళ్తుంది. ఆ ఇద్దరూ అతన్ని గుద్దుకునే లోపల ఆ ఇంకొకడు ఖాళీలోంచి వెళ్ళిపోతాడు. ఎర పరుగు తీసినవాడు ఒక్క అడుగు తగ్గించినా, కళ్ళలో నమ్మకం లేకపోయినా ఎవరూ మోసపోరు. అందుకే అతను నిజంగానే పరిగెత్తాలి. దెబ్బ కూడా నిజంగానే తగులుతుంది. లెక్కల పుస్తకంలో అతని పేరు ఎదురుగా ఏమీ పడదు.

ఇది చెప్పగానే మనవాళ్ళు నిష్కామకర్మ అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ ఆటగాడికి ఫలం మీద ఆశ లేదని ఎవరన్నారు? బోలెడంత ఉంది. గెలవాలని ఉంది, తనవాళ్ళు గీత దాటాలని ఉంది. ఆ ఫలం తన చేతిలోనే పడాలన్న పట్టుదల మాత్రం అతనికి లేదు. ఈ రెండింటికీ మధ్య దూరం చాలా ఉంది. కోరిక చంపుకున్నవాడు అంత వేగంగా పరిగెత్తలేడు. కోరికను నలుగురి మధ్య పరచినవాడు పరిగెత్తగలడు. మనిషి తన కోరికను తన ఒంటి హద్దులు దాటించి పక్కవాడిలో కూడా చూసుకోగలడన్నది దేవుడితో, పరలోకంతో పనిలేకుండా మైదానంలో రుజువయ్యే విషయం. తల్లిదండ్రులు పిల్లల విషయంలో రోజూ చేస్తున్నదే. రక్తసంబంధం లేనివాళ్ళ మధ్య కూడా అది పుట్టగలదని ఆట చూపిస్తుంది.

అయితే అది ఎప్పుడు పుడుతుంది? ఎవరిలో పుడుతుంది? పెద్ద ఒళ్ళున్నవాడిలో పుడుతుందా?

ఒంటి సైజు గురించి మా పుంగనూరువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పుంగనూరు ఆవు ఎత్తు ఇంచుమించు మూడడుగులే. కానీ కరువు ప్రాంతంలో తక్కువ మేతతో బతికి, చిక్కటి పాలిస్తుంది. ఫార్వర్డ్‌ల విషయంలోనూ అంతే: ఉన్న ఒంటిని దేనికి, ఎంతసేపు, ఏ నేలమీద వాడతామన్నదే అసలు లెక్క. బరువు అవసరమే, కాదనను. కానీ పోయిన శతాబ్దపు గొప్ప ఫార్వర్డ్‌ల పేర్లు చెప్పమంటే ఆస్ట్రేలియాలో చాలామంది మొదట తలచుకునే ఆర్థర్ బీట్సన్ బరువు వల్ల గొప్పవాడు కాలేదు. అతను ఆదివాసీ బిడ్డ. ఏ క్రీడలోనైనా ఆస్ట్రేలియా జట్టుకు నాయకత్వం వహించిన మొదటి ఆదివాసీ అతనే. ముగ్గురు పట్టుకుని కిందికి లాగుతున్నా ఒక చెయ్యి విడిపించుకుని బంతిని పక్కవాడికి అందించడం అతని ప్రత్యేకత. ముగ్గురిని తన మీదికి రప్పించుకోవడమంటే, మైదానంలో ఇంకెక్కడో ఇద్దరికి దారి ఖాళీ చేయడం. అతని ఒళ్ళు చేసిన పని అది. ఎవరికి అందించాలో చూడటం కళ్ళ పని. అందుకోవడానికి ఎవడో ఒకడు పక్కన ఉంటాడని నమ్మడం ఇంకో పని, అది అన్నిటికంటే పెద్దది.

1980 జూలై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో మొదటి స్టేట్ ఆఫ్ ఆరిజిన్ ఆట జరిగింది. ఎవరు ఏ రాష్ట్రంలో మొదట సీనియర్ స్థాయి ఆట ఆడారో ఆ రాష్ట్రం తరఫున ఆడాలన్నది ఆ పద్ధతి. అప్పటికి బీట్సన్‌కు 35 ఏళ్ళు. క్లబ్బులో రెండో శ్రేణి జట్టుకు ఆడుతున్నాడు. సొంత రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌కు అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు. అలాంటివాడిని నాయకుడిగా పెడితే, ఏళ్ళ తరబడి న్యూ సౌత్ వేల్స్ చేతిలో ఓడుతున్న క్వీన్స్‌లాండ్ 20–10తో గెలిచింది. వయసు మళ్ళిన ఆ ఒంట్లో కొలతలకు అందేదేదీ అంతగా మిగిలి లేదు. అతను ముందు నడిచాడన్న ఒక్క సంగతి పక్కవాళ్ళ కాళ్ళలో బలమైంది. ఈ బలం ఎక్కడుందని అడిగితే నేను బీట్సన్ లోపల ఉందని చెప్పలేను. అతనికీ పక్కవాడికీ మధ్యనున్న ఖాళీలో ఉందంటాను.

మన ఆటకు వద్దాం. కబడ్డీలో కూతకెళ్ళేవాడికి ఉన్న పేరు పట్టేవాళ్ళకు లేదు. ఏడుగురు, ఇద్దరు ముగ్గురుగా చేతులు పట్టుకుని, వరస కడతారు. చివర్లలో కార్నర్‌లు, వాళ్ళకు లోపలివైపు కవర్‌లు. కూతకొచ్చినవాడు కార్నర్‌ను తాకబోయినప్పుడు మడమ దొరికితే కార్నర్ పట్టుకోవాలి. పట్టుకున్న మరుక్షణం కవర్ మీదపడాలి, మూడోవాడు గీత వైపు దారి మూయాలి. ఒకడు తొందరపడి ముందుకు దూకాడా, వరస తెగుతుంది. వచ్చినవాడు ఇద్దరు ముగ్గురిని తాకి వెళ్ళిపోతాడు. రగ్బీ లీగ్‌లోనూ ఇదే నియమం. వరసలోంచి ఒక్కడు ముందుకు ఉరికితే అతని వెనక సందు పడుతుంది. ధైర్యం ఎక్కువైన ఒంటరివాడు పిరికివాడంత నష్టం చేయగలడు. కూత వింటూ, కాళ్ళు ఆడిస్తూ, చెయ్యి వదలకుండా ఆగడం చాలా కష్టమైన పని.

2018 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో, 1990 నుంచి ఒక్కసారి కూడా స్వర్ణం వదలని మన పురుషుల కబడ్డీ జట్టు సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18–27తో ఓడింది. మన జట్టులో పేరుమోసిన రైడర్లకు కొదవ లేదు. ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్ తరఫున ఆడి తెలుగువాళ్ళ అభిమానం సంపాదించుకున్న రాహుల్ చౌదరి కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. ఇరాన్‌వాళ్ళ చేతులు మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు. ఫజల్ అత్రాచలి లాంటి కార్నర్ మడమ అందుకున్నాడంటే మిగతావాళ్ళు అప్పటికే మీదికి వస్తుండేవాళ్ళు. ఆ రోజు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన రైడర్లు ఒక్కొక్కరిగా వెళ్ళారు, వాళ్ళు అందరూ కలిసి పట్టారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ప్రొ కబడ్డీ పదో సీజన్. ఆ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే పెద్ద ధర. పవన్ గొప్ప రైడర్, అతని కూతల్లో లోపం లేదు. అయినా టైటాన్స్ 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అదే వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్‌కు చెందిన మహమ్మద్‌రెజా షాద్లూను 2 కోట్ల 35 లక్షలకు తీసుకున్నది. అతని పేరు ప్రధానంగా పట్టుకు. 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో పుణేరి పల్టన్ 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు ఎత్తుకుంది. ఒక్క కారణంతో ఒక జట్టు ఓటమిని తేల్చేయడం అన్యాయమని నాకు తెలుసు. కానీ ఒక గొప్పవాడిని కొనుక్కుంటే గెలుపు కూడా వెంట వస్తుందన్న నమ్మకం ఎంత బలహీనమో ఆ పట్టిక చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. పట్టు పట్టింది ముగ్గురైనా పాయింట్ సాధారణంగా మొదట పట్టుకున్నవాడి పేరునే పడుతుంది. లెక్క రాసేవాళ్ళ తప్పు కాదది. ముగ్గురి మధ్య జరిగినదాన్ని రాసుకోవడానికి పట్టికలో గడి ఉండదు. రగ్బీ లీగ్‌లో ఇప్పుడు పరిగెత్తిన ప్రతి మీటరూ లెక్కిస్తున్నారు, చొక్కాల్లో యంత్రాలు పెట్టి గుండె వేగం కూడా కొలుస్తున్నారు. బోర్లా పడి లేవడానికి పట్టిన సమయం కూడా కొలవగలరు. కానీ పక్కవాడు అలిసిపోయాడని గమనించి, ఎవరూ అడగకుండానే అతని వంతు ట్యాకిల్‌కు తాను అడుగు వేసినవాడిని ఏ యంత్రం పట్టుకుంటుంది? కొలవగలిగిందే విలువైనదని నమ్మే కాలంలో ఉన్నాం. బడిలో మార్కులు, ఆఫీసులో రేటింగులు, మైదానంలో పాయింట్లు. ఎవడు ఎంత అని తేల్చేశాక, ఎవరెవరి మధ్య ఏం జరిగిందన్నది మిగలదు.

రగ్బీ లీగ్ పుట్టిన 1895లోనే, మూడు నెలల ముందు మే నెలలో, మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. కాకతాళీయమే. కానీ మనిషి మరొకడితో పోల్చుకోవడం నుంచే భయమూ హింసా పుడతాయని ఆయన జీవితాంతం చెప్పాడు. మదనపల్లె దగ్గర ఆయన ఆలోచనలతో నడిచిన రిషి వ్యాలీ పాఠశాల పోటీని చదువుకు శత్రువుగా చూసింది. ఆయన చూపుతో నేను సగం దూరం నడవగలను. పోల్చుకోవడం మనుషులను ఎంతగా గాయపరుస్తుందో ర్యాంకుల కోసం నలిగిపోయే పిల్లలను చూసినవాళ్ళెవరూ కాదనలేరు. కానీ ఆట అన్నాక గెలుపూ ఓటమీ ఉంటాయి, ఆ రెండూ పోలికలే. మరి ఫార్వర్డ్‌ల వరసలో నిలబడ్డవాడి సంగతేమిటి? పక్కవాడు తనకంటే బాగా ఆడితే అతనికి దెబ్బలు తగ్గుతాయి. పక్కవాడు గట్టిగా పట్టుకుంటే అతని మెడ మీద బరువు పడదు. పక్కవాడి గొప్పతనం తనకు ముప్పు కాకుండా రక్షణ అయ్యే చోటు లోకంలో ఎక్కువ లేవు. పోటీని పూర్తిగా తీసేయకుండానే పోల్చుకోవడాన్ని అర్థం లేనిదిగా చేసే మార్గం ఆ వరసలో ఉందని నాకనిపిస్తుంది. కృష్ణమూర్తి ఉంటే దీనికి ఒప్పుకునేవాడని నేననను. ఆయన ఎవరినీ తన మాటకు ఒప్పుకోమనలేదు కాబట్టి నా ఆలోచన నేను చెప్తున్నాను.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు కష్టమైన మాట.

1970లో సిడ్నీ గ్రాండ్ ఫైనల్లో సౌత్ సిడ్నీ జట్టు నాయకుడు, ప్రాప్ జాన్ సాట్లర్ దవడ ఆట మొదలైన కొద్ది నిమిషాల్లోనే విరిగింది. అతను మైదానం వదలకుండా చివరిదాకా ఆడాడు, జట్టు గెలిచింది. 2014లో అదే జట్టుకు ఆడిన ఫార్వర్డ్ శామ్ బర్జెస్‌కు ఫైనల్ మొదటి ట్యాకిల్‌లోనే చెంప ఎముక విరిగింది. అతనూ ఆట పూర్తిచేశాడు, జట్టు 30–6తో గెలిచింది, ఉత్తమ ఆటగాడి పతకం అతనికే ఇచ్చారు. మంచి ఫార్వర్డ్ ఎవరని అడిగితే చాలామంది ఈ రెండు కథలు చెప్తారు. చెప్తున్నప్పుడు గొంతు గద్గదమవుతుంది. నాకూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అయినా అడగాలి. విరిగిన ఎముకతో ఆడటం ఆ మనిషి స్వేచ్ఛా, లేక బయటికి వెళ్తే ఏమనుకుంటారోనన్న భయమా? ఆ ఇద్దరి మనసుల్లో ఏముందో చెప్పే హక్కు నాకు లేదు. కానీ వాళ్ళ కథ విని పెరిగిన వేలమంది కుర్రవాళ్ళ మనసుల్లో ఏం నాటుకుంటుందో ఊహించగలను. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు, చనిపోయిన ఇద్దరు మాజీ రగ్బీ లీగ్ ఆటగాళ్ళ మెదళ్ళలో సీటీఈ అనే జబ్బును గుర్తించారు. తలకు పదేపదే తగిలిన దెబ్బలతో ముడిపడ్డ జబ్బు అది. జ్ఞాపకం, కోపం, మనిషి స్వభావం అన్నింటినీ తారుమారు చేస్తుంది. తలకు ఎక్కువసార్లు దెబ్బలు తినే ప్రమాదం ఎవరికుంది? ఆటకు ముప్పైసార్లు ఢీకొనేవాడికి. దెబ్బ కనిపించకుండా, ఎముక విరక్కుండా, లోపల ఒక్కో పొరగా పేరుకుపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత అతను కూతురి పేరు మరిచిపోయినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఆ గదిలో ఉండరు.

ఆట మారింది కొంత. ఆస్ట్రేలియాలో 2013 నుంచి భుజంతో గుద్దే ట్యాకిల్‌ను నిషేధించారు. తలకు దెబ్బ తగిలినవాడిని పరీక్షించాకే మళ్ళీ దింపుతున్నారు. ఆట మెత్తబడిపోయిందని బాధపడేవాళ్ళున్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. మనిషి మెదడు కంటే విలువైన సంప్రదాయం లేదు.

ఇది ఎక్కడో ఆస్ట్రేలియా సంగతని వదిలేయలేం. ఉత్తర ఇంగ్లండ్‌లో, మంచి ఫార్వర్డ్ కావాలంటే గని నోటి దగ్గర ఈల వేస్తే చాలు, ఒకడు పైకి వస్తాడనే నానుడి ఉండేది. గని ఒళ్ళే మైదానానికి వచ్చేది. మాకు గని అంటే కోలార్ బంగారు గని. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ పని మొదలుపెట్టినప్పటినుంచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా, చిత్తూరు ప్రాంతపు తెలుగువాళ్ళూ, ఉత్తర ఆర్కాటు తమిళులూ వేల సంఖ్యలో ఆ గుంతల్లోకి దిగారు. కుప్పం నుంచి అది ఎంతో దూరం కాదు. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. లోపల రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే సిలికోసిస్ జబ్బు ఎందరినో మంచాన పడేసింది. ఆ బంగారం వేసుకున్నవాళ్ళలో ఎందరికి ఆ దగ్గు వినిపించి ఉంటుంది? గని కార్మికులను వీరులన్నారు. వీరులన్నాక కూలి ఎంత, వైద్యం ఎవరు చేయిస్తారు అని అడగడం చిన్నతనంగా కనిపిస్తుంది. త్యాగం అనే మాటకున్న ప్రమాదం ఇదే. ఎదుటివాడి కష్టాన్ని త్యాగం అనేస్తే బాకీ తీరిపోయినట్టే ఉంటుంది.

గని మూతపడినా అలాంటి బాకీ మా ఊళ్ళలో ఇంకా ఉంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలైలో అక్కడ కిలో ధర వంద దాటినప్పుడు దేశమంతా వార్తల్లో మదనపల్లె పేరు మోగింది. ధర పడిపోయి రోడ్డుపక్కన పారబోసిన రోజుల్లోనూ మోగుతుంది. ధర ఎంతైనా బాక్సు బరువు అదే. దాన్ని ఎత్తే హమాలీ నడుమూ అదే. తెల్లవారకముందే తోటల్లో వంగి కాయ కోసిన ఆడవాళ్ళ వేళ్ళూ అవే. వార్తలో రైతు ఉంటాడు, వ్యాపారి ఉంటాడు, ధర ఉంటుంది. ఉండవలసిందే. మోసినవాళ్ళూ కోసినవాళ్ళూ మాత్రం ఫార్వర్డ్‌లలాగే పట్టికకు బయట ఉండిపోతారు. వాళ్ళూ ఒకరి వెనక ఒకరు వరసలో నడుస్తారు, ఒకడు తడబడితే పక్కవాడు చెయ్యి వేస్తాడు. అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. ఆటగాడు ఆ వరసను ఎంచుకున్నాడు. వీళ్ళలో చాలామందికి ఎంపిక లేదు. ఎంచుకోని కష్టాన్ని చూసి చప్పట్లు కొట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకని మంచి ఫార్వర్డ్ ఎలా తయారవుతాడన్న ప్రశ్నకు నా జవాబు ఇది: తన ఒళ్ళు అరిగిపోతే పక్కవాళ్ళు చూసుకుంటారన్న నమ్మకం ఉన్నప్పుడు తయారవుతాడు. ఎర పరుగు తీసేవాడు బంతి రాదని తెలిసీ పరిగెత్తేది, గెలిచినప్పుడు జట్టు తనను మరవదనీ, పడినప్పుడు వదిలేసి పోదనీ తెలుసు కాబట్టే. ఆ నమ్మకం లేనిచోట అదే పరుగు దోపిడీ అవుతుంది. 1895లో ఆ గని కూలీలు అడిగిన ఆరు షిల్లింగులు ఆటకు అవమానం కాలేదు. ఆ నమ్మకానికి అది మొదటి లిఖితపూర్వక రుజువు.

మా ఊళ్ళలో సంక్రాంతికీ జాతరలకూ కబడ్డీ పోటీలు పెట్టే పెద్దలకు, కుర్రవాళ్ళ సంఘాలకు నాదొక విన్నపం. గరుసు నేలమీద పిల్లలను ఆడించకండి; మ్యాట్ దొరక్కపోతే మెత్తటి మట్టి తోలించండి. ఉత్తమ రైడర్‌కు ఎంత బహుమతి ఇస్తారో ఉత్తమ డిఫెండర్‌కూ అంతే ఇవ్వండి. గెలిచిన డబ్బు బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో సహా జట్టులో అందరికీ సమానంగా పంచాలని ముందే షరతు పెట్టండి. ఒక డాక్టరును పిలిపించి గ్రౌండు దగ్గర కూర్చోబెట్టండి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు తాను బాగున్నానని ఎంత బతిమాలినా, జనం ఎంత అరిచినా, ఆ రోజుకు అతన్ని మళ్ళీ బరిలోకి దింపకండి. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఈ ఏడాది పోటీలకు చందా అడగడానికి వచ్చినవాళ్ళను, ఇచ్చేముందు, ఇవి చేస్తారా అని అడగండి.